కొత్త బ్యాటరీ కొనే ముందు ఒక్క వైరు విప్పి చూడండి

ఇంట్లో పాత కారు ఉన్నవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది. "బండి బాగానే ఉందండీ, బ్యాటరీయే నిలవట్లేదు." ఏడాది తిరక్కుండా కొత్త బ్యాటరీ వేయిస్తారు. నెల రోజులు షెడ్డులో ఉంచి మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ ఒకసారి మూలిగి ఆగిపోతుంది. వీధిలో కుర్రాళ్లని పిలిచి తోయిస్తారు. రెండోసారీ మూడోసారీ అదే జరిగాక ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు, "ఇంక దీన్ని అమ్మి పారేద్దాం" అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమ్మే ముందు, ఇంకో బ్యాటరీ కొనే ముందు, ఆ కారుకి మనవాళ్లు తర్వాత తర్వాత తగిలించిన వస్తువుల సంగతి చూడాలి. స్టీరియో, అలారం, సెల్ ఛార్జరు, ట్రాకరు, కెమెరా ఇలాంటివి. కారు కదలకపోయినా అవి బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

"కార్ల గోల మనకెందుకు, మగవాళ్లు చూసుకుంటారు" అంటారేమో. షెడ్డులో ఉన్న కారుతో రోజూ ఉండేది ఎవరు చెప్పండి? దాని మీద కవరు సర్దేది, దాని కింద పిల్లి పిల్లల్ని పెట్టిందని కనిపెట్టేది, దాని పక్కనుంచి ఒదిగి బట్టలారేసేది మనమే. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు తగ్గాయని ముందు చూసేదీ, డిస్టిల్డ్ వాటర్ తెప్పించి పోయించేదీ చాలా ఇళ్లలో మనమే. కారు బ్యాటరీ కూడా అదే జాతిది. సీసం పలకలు, ఆమ్లం, నీళ్లు. ఇందులో మనకి అర్థం కానిది ఏమీ లేదు.

ఇంతకీ పాత కారు అంటే మన ఇళ్లలో ఉండేవి ఏమిటి? ఎక్కువగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాస్త తర్వాతివైతే మారుతి 800. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకుముందే పోయింది. ఇక కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటికి విలువ వచ్చింది. నాన్నగారిదనో, మామయ్యగారిదనో, మన పెళ్లికి ఇందులోనే ఊరేగామనో ఉంచుకుంటాం. రోజువారీ తిరగడానికి వేరే కారు ఉంటుంది. ఇది మాత్రం పండక్కో, గుడికో బయటికి తీస్తారు. మిగతా రోజులన్నీ నిలబడే ఉంటుంది.

ఆ కార్లు తయారైన రోజుల్లో తాళం తీసేస్తే కరెంటు వాడే వస్తువు దాదాపు ఏదీ ఉండేది కాదు. గడియారం ఉంటే గడియారం, అంతే. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు ఉంటాయి, తాళం తీశాక కూడా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు వాడటం వాటికి మామూలే. పాత బండికి ఆ ఖర్చు లేదు. మనం తెచ్చిపెట్టిందే.

అది ఎలా వస్తుందో స్టీరియోతోనే చెబుతాను. కారు స్టీరియోకి కరెంటు కోసం రెండు వైర్లు ఉంటాయి. ఒకటి తాళం తిప్పినప్పుడే కరెంటు అందేది. రెండోది ఎప్పుడూ కరెంటు ఉండేది, స్టేషన్లూ టైమూ గుర్తుపెట్టుకోవడానికి. ఈ రెండోదాని వాడకం చాలా తక్కువ. కానీ పాత బండిలో తాళం దాకా వైరు లాగడం ఎందుకులే అని రెండింటినీ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చేసేవాళ్లున్నారు. అప్పుడు స్టీరియో పైకి ఆపేసినట్టే కనిపిస్తుంది, లోపల మేలుకునే ఉంటుంది. రిమోట్ తాళం, అలారం సంగతీ అంతే. మనం బటన్ ఎప్పుడు నొక్కుతామా అని రాత్రింబవళ్లు వింటూ ఉండాలి కదా, వినడానికి కరెంటు కావాలి. నేరుగా కలిపిన సెల్ ఛార్జరు సాకెట్‌లో ఫోను లేకపోయినా చిన్న నీలం దీపం వెలుగుతూనే ఉంటుంది. బండి నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే కెమెరాలైతే ఇంకా ఎక్కువ తాగుతాయి.

ఎంత తాగుతాయో పాల లెక్కలా వేసి చూద్దాం. చిన్న కారు బ్యాటరీ మీద 35 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటుంది. అంటే అది 35 గ్లాసుల గిన్నె అనుకోండి. తగిలించిన వస్తువులన్నీ కలిసి 50 మిల్లీ ఆంపియర్లు వాడుతున్నాయంటే రోజుకు 1.2 గ్లాసులు పోయినట్టు. చూడ్డానికి చాలా కొంచెం. పదిహేను రోజులకు 18 గ్లాసులు, సగం గిన్నె ఖాళీ. డిక్కీ మూత సరిగ్గా పడక లోపలి 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉండిపోయిందనుకోండి, అది రోజుకు 10 గ్లాసులు తాగుతుంది. నాలుగో రోజుకి గిన్నె అడుగు కనిపిస్తుంది. పైగా ఏమీ తగిలించకపోయినా బ్యాటరీ తనంతట తాను కూడా నెల నెలా కొంచెం తగ్గుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ తగ్గుదల పెరుగుతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఉన్న బండి గురించి ఇక చెప్పక్కర్లేదు.

భీమవరంలో మా అక్కయ్య వాళ్లింట్లో జరిగింది ఇక్కడ చెప్పాలి. వాళ్ల మామయ్యగారికి ఎనభై దాటాయి. ఆయన అంబాసిడర్ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన నడపడం మానేసి చాలా కాలమైంది. బండి మాత్రం ఉంది. కార్తీక సోమవారాల్లో గునుపూడి సోమేశ్వరుడి గుడికి బావగారు నడుపుతుంటే ముందు సీట్లో కూర్చుని వెళ్తారు. బెంగళూరులో ఉండే అక్కయ్య మరిది సంక్రాంతికి వచ్చి నాన్నగారికి పాటలు వినిపిస్తానని పెద్ద స్టీరియో పెట్టించాడు. మరుసటేడు దొంగల భయమని అలారం వచ్చింది. విదేశంలో ఉన్న అక్కయ్య కొడుకు, తాతయ్య ఎక్కడికెళ్లారో ఫోన్లో చూసుకోవచ్చని ట్రాకరు పెట్టించాడు. అందరిదీ ప్రేమే, కాదనను. మూడేళ్లలో మూడు బ్యాటరీలు మార్చారు.

కిందటి కార్తీకంలో గుడికి బయల్దేరబోతే బండి కదల్లేదు. ఆటోలో వెళ్లొచ్చారు. ఆ రాత్రి ఫోన్లలోనే నిర్ణయం అయిపోయింది, పండగ తర్వాత అమ్మేయాలని. మామయ్యగారు ఏమీ అనలేదట. మర్నాటి నుంచి పొద్దున్నే గుడ్డ పట్టుకుని బండి తుడవడానికి వెళ్లడం మానేశారు. అక్కయ్యని కదిలించింది అదీ. "అమ్మడానికైనా బండి స్టార్ట్ అవ్వాలి కదా" అని ఒక పెద్దవయసు ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. ఆయన మీటరు పెట్టి చూస్తే, తాళం తీసి ఉన్న బండి 130 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. స్టీరియో వైరు విప్పగానే 45కి వచ్చింది. అలారం, ట్రాకరు కూడా తీసేస్తే గడియారం ఒక్కటే మిగిలి 8కి దిగింది. వాళ్లది 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. 130 చొప్పున రోజుకు మూడుకి పైగా పోతుంటే ఎనిమిది రోజుల్లో సగం, పదహారు రోజుల్లో మొత్తం ఖాళీ. ఆ బండి నెలకోసారి బయటికి తీసేది. ఇక బ్యాటరీ కంపెనీని తిట్టి ఏం లాభం?

ఖాళీ అయిన బ్యాటరీని ఛార్జ్ చేసుకుంటే సరిపోతుంది కదా అనుకోవచ్చు. ఒకటి రెండుసార్లు సరిపోతుంది. కానీ దిగిపోయిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది. ఉప్పునీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పట్టినట్టన్నమాట. తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా ఆ మేరకు అది నింపుకోలేదు. బాగా చూసుకుంటే మూడు నాలుగేళ్లు రావలసిన బ్యాటరీ ఏడాదికే పోవడానికి కారణం ఇదే. కొత్తది కొన్నా అదే గతి పడుతుంది. చిల్లు పూడ్చకుండా కుండ నింపుతూ పోయినట్టు.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచండి, బ్యాటరీ బాగుంటుంది" అని చాలామంది సలహా ఇస్తారు. పాత బండ్ల విషయంలో దీనివల్ల ఒరిగేది తక్కువ. డైనమో ఉన్న బండి నిలబడి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీకి పెద్దగా ఏమీ అందదు, డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం ఆ మాటే చెబుతుంటుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తాం కాబట్టి సైలెన్సర్‌లో నీటి చెమ్మ మిగిలి తుప్పు పడుతుంది. తీస్తే బండిని అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి. కుదరకపోతే కదపకుండా వదిలేసి, బ్యాటరీ వైరు విప్పేయడం మేలు.

ఏ వైరు, ఎలా అన్నది జాగ్రత్తగా చదవండి. బ్యాటరీకి రెండు టెర్మినళ్లు ఉంటాయి. వాటిలో ఒక వైరు కారు బాడీకి బిగించి ఉంటుంది. అదే ఎర్త్. మన బండ్లలో మామూలుగా అది నెగటివ్ వైపుది. బాగా పాత బ్రిటిష్ డిజైను బండ్లలో కొన్నిటికి పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది, అందుకని గుర్తు చూసి కాకుండా బాడీకి వెళ్లే వైరు ఏదో చూసుకోవాలి. తాళం తీసేసి, ఆ ఎర్త్ వైరు ఒక్కటి స్పానర్‌తో వదులు చేసి, మళ్లీ టెర్మినల్‌కి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి పెట్టాలి. ఇక ఏ వస్తువుకీ కరెంటు అందదు. రెండు వైర్లూ తీయాల్సి వస్తే ఎర్త్ ముందు తీయాలి, బిగించేటప్పుడు ఎర్త్ చివర బిగించాలి.

మనకి మాత్రమే చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది, మెకానిక్కులు చెప్పనిది. చేతి గాజులు, ఉంగరాలు తీసేయండి. మెడలో గొలుసు వేలాడకుండా జాకెట్టు లోపలికి వేసుకోండి. 12 వోల్టులు షాక్ కొట్టవు కానీ, బంగారు గాజు అటు టెర్మినల్‌కీ ఇటు బాడీకీ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఇంకొకటి, ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దగ్గర్లో దీపం, అగరొత్తి ఉండకూడదు. షెడ్డు తలుపు తీసి ఉంచాలి. ఆయుధపూజ నాడు ఛార్జరు తీసేశాకే హారతి ఇవ్వండి.

ప్రతిసారీ స్పానర్ పట్టుకోవడం కష్టమంటే ఎర్త్ వైరు దగ్గర బిగించే కటాఫ్ స్విచ్ దొరుకుతుంది. ఒక మర తిప్పితే చాలు, వైరు విప్పినట్టే. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపినంత తేలిక. షెడ్డులో ప్లగ్గు ఉన్నవాళ్లు నిండగానే తనంతట తాను తగ్గించుకునే ఛార్జరు పెట్టుకోవచ్చు. మామూలు ఛార్జరు మాత్రం పెట్టి మరిచిపోకూడదు, లోపలి నీళ్లు తగ్గిపోతాయి.

దొంగ ఎవరో తెలుసుకోవాలంటే ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించండి. విప్పిన ఎర్త్ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టి, ఒక్కో ఫ్యూజు తీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూస్తారు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. పాత బండ్లలో ఫ్యూజులు తక్కువ, తర్వాత తగిలించినవి చాలావరకు ఫ్యూజు డబ్బా దాటి నేరుగా వెళ్లి ఉంటాయి. అందుకని "ఫ్యూజులన్నీ చూశాం, ఏమీ లేదు" అంటే ఒప్పుకోకండి. టెర్మినల్ దగ్గర కొత్త రంగు వైర్లు ఏవి కనిపిస్తే అవి ఎక్కడికి వెళ్తున్నాయో చూడమనండి.

అన్ని నేరాలూ స్టీరియో మీదే వేయడం న్యాయం కాదు. డైనమో బండిలో కటౌట్ అతుక్కుపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకే పోతుంది. ఆల్టర్నేటర్ ఉన్నదైతే అందులో డయోడు పాడై కారుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బ్యాటరీకే వయసైపోయి ఉండొచ్చు. అయితే వీటిలో దేన్నైనా కనిపెట్టాలన్నా ముందు ఆ అదనపు వస్తువులు అడ్డు తొలగాలి.

"అలారం తీసేస్తే దొంగతనం జరిగితే?" అన్నది అక్కయ్య మరిది అడిగిన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ బ్యాటరీ దిగిపోయిన బండిలో అలారం కూడా మోగదు కదా! పదహారో రోజు తర్వాత అది ఉన్నా లేనట్టే. షెడ్డులో ఉండే బండికి స్టీరింగ్ తాళం, షెడ్డు తలుపుకి గట్టి తాళం వేస్తే కరెంటు ఖర్చు లేని కాపలా. ఎర్త్ తీసేసిన బండిని దొంగ తాళం తిప్పి స్టార్ట్ చేయలేడు కూడా. ట్రాకరు విషయం ఇంకా సులువు. తాతయ్య ఎక్కడికెళ్లారో తెలియాలంటే తాతయ్యకి ఫోన్ చేయాలి. ఆయన ఆ ఫోను కోసమే ఎదురుచూస్తుంటారు.

నేను ఈ విషయం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. దూరంగా ఉన్న పిల్లలు వచ్చినప్పుడల్లా ఇంటికి ఏదో ఒకటి తగిలించి వెళ్తారు. వాళ్ల మనసుకి తృప్తి. దాన్ని రోజూ మోసేది మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లు. బ్యాటరీ దిగిపోయిన రోజు నలుగురి ముందూ బండి తోయించుకునేది వాళ్లు. చివరికి "పాత బండి, పనికిరాదు" అన్న మాట వినేది ఆ పెద్దాయన. ఆ మాట బండి గురించే అన్నా, ఆ వయసులో తనకి కూడా తగులుతుంది. అందుకే ఇంట్లో ఉండే కారు మీద ఏం తగిలించాలో, ఏం తీసేయాలో నిర్ణయం ఇంట్లో ఉండేవాళ్లదే కావాలి. ఇకమీద ఎవరైనా ఏదైనా పెట్టిస్తానంటే రెండు ప్రశ్నలు అడగండి. తాళం తీశాక ఇది ఎంత తాగుతుంది? నువ్వు ఊరెళ్లాక దీన్ని ఎవరు ఆపుతారు? జవాబు లేకపోతే ఆ డబ్బుతో కటాఫ్ స్విచ్ పెట్టించమనండి.

మీ ఇంట్లోనూ పాత కారు అమ్మకం మాట నడుస్తుంటే ఒక పని చేయండి. బ్యాటరీని నిండా ఛార్జ్ చేయించి, ఎర్త్ వైరు విప్పి, ఒక రోజు ఆగి, మీటరుతో వోల్టులు చూడండి. కొన్ని వందల రూపాయల మీటరు చాలు. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కి దిగితే ఆకలితో ఉన్నట్టు. ఆ అంకెని క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసి పెట్టండి. పదిహేను రోజులయ్యాక, వైరు విప్పే ఉంచి, మళ్లీ చూసి పక్కనే రాయండి. రెండు అంకెలూ దాదాపు ఒకటే అయితే బ్యాటరీ మంచిదే, తాగేది ఇంకెవరో. బాగా దిగితే ఆ బ్యాటరీకే కాలం చెల్లింది. కారు ఉంచాలా అమ్మాలా అన్న మాట ఆ రెండు అంకెలూ చేతిలో పెట్టుకుని, పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి.